మా తాతగారి దినచర్య

కృష్ణానది పులిగడ్డయొద్ద రెండు పాయలుగా చీలి సముద్రమునకు సాగును. ఆ పాయల నడుమనున్న నేలకు దివిసీమ యని పేరు. ఆ సీమ దక్షిణపుకొనయందు, సముద్రఘోష వినవచ్చునంత దూరమున, మా తాతగారు ఉపాధ్యాయులుగా నుండిన చిన్న గ్రామ మొకటి యుండెడిది. ఊరికి ఒకవైపు వరిచేలు, మరియొకవైపు మడ అడవి. ఆ అడవి ప్రక్కగా బండిబాటవెంట నడచినచో బెస్తవారి పాలెము. నా తొమ్మిదవయేటి వరకు నేనచ్చటనే పెరిగితిని.

తాతగారికొక అలవాటు కలదు. ప్రతిదినమును దీపములు పెట్టిన పిదప అరుగుమీద లాంతరు ముందర కూర్చుండి, పొడుగైన చిట్టాపుస్తకములో ఆనాటి సంగతులను వ్రాసికొనెడివారు. 1928వ సంవత్సరమున ఆ బడిలో చేరిన దినము మొదలు ఆ నియమమును వారెన్నడును తప్పలేదు. జ్వరముతో మంచముపట్టిన దినములందు సహితము, "జ్వరము" అను నొక్క మాటయైనను వ్రాసి కాని కలము క్రింద పెట్టెడివారు కారు.

చదువ నేర్చిన క్రొత్తలో నేనా పుస్తకములను రహస్యముగా తెరచి చూచితిని. వానిలో రాజులకథలో, నిధుల జాడలో ఉండునని నా యాశ. తీరా చూడగా ఉన్న దేమి? "పడమటిగాలి. పడవలు బాగుగా ప్రొద్దెక్కిన పిమ్మట వచ్చినవి. నెత్తళ్లు విస్తారముగా పడినవి. కొనువారు లేక ఇసుకమీద ఎండబోసిరి. బడికి వచ్చినవారు పదునెనిమిదిమంది. కాలువ కట్టివేసి ఇరువది దినములైనది. మంచినీటిబావి ఉప్పగిల్లినది." ఏ పుట త్రిప్పినను ఇట్టివే.

"తాతయ్యా! ఇవి అందరికిని తెలిసిన సంగతులే కదా! ఎందులకు వ్రాయుదువు?" అని అడిగితిని.

తాతగారు నవ్వి, "నేడందరికిని తెలిసినవే, నాయనా! రేపెవరికి తెలియును?" అనిరి.

ఆ మాటలోని యర్థము నాకప్పుడు బోధపడలేదు. బోధపడకపోవుటయే కాదు, 1959వ సంవత్సరపు వానకాలమున నేనొక తెలివిమాలిన పని చేసితిని. ఆనాడు బడికి సెలవు. ఇంటిముందరి బోదె నిండి పారుచుండెను. పాలెమునుండి బడికి వచ్చు స్నేహితుడొకడు నాతోనుండెను. పడవలు చేయుటకు కాగితములు కావలసివచ్చి, నేను తాతగారి పెట్టె తెరచి, అడుగుననున్న పాతపుస్తకమునుండి పదియాకులు చింపితిని. నా స్నేహితుడు పడవలు చేయుటలో నేర్పరి. తెరచాప పడవయు, కత్తిపడవయు చేసి, ఒకదానివెంట ఒకటిగా నీట విడిచితిమి. అన్నియు బోదె మలుపు చేరకమునుపే మునిగినవి.

సాయంకాలము తాతగారు బురదలోనుండి ఒక కాగితమును పైకి తీసి చూచిరి. సిరా అంతయు కరగిపోయి నీలిమరక మాత్రము మిగిలియుండెను. దెబ్బలు తప్పవని నేను తలుపుచాటున నిలిచితిని. వారు నన్నొక మాటయు అనలేదు. ఆ రాత్రి మాత్రము లాంతరు చాలసేపు వెలిగినది.

తరువాత నేను పైచదువులకై పట్టణము చేరితిని. కళాశాలలో చదువు దినములందు ఆనందరంగపిళ్ళెగారి దినచర్యనుగూర్చి మొదటిసారిగా వింటిని. ఆయన పుదుచ్చేరిలో ఫ్రెంచివారి వర్తకసంఘమునకు దుబాసీ. మన కస్తూరి రంగకవి తన లక్షణగ్రంథమునకు ఆయన పేరనే "ఆనందరంగరాట్ఛందము" అని నామకరణము చేసెను. ఆ పిళ్ళెగారు 1736 సెప్టెంబరు మొదలు 1761 జనవరి వరకు తమిళమున దినచర్య వ్రాసిరి. రేవునకు ఏ యోడ వచ్చినది, దాని గౌరవార్థమెన్ని ఫిరంగులు మ్రోగినవి, సరకుల బేరములెట్లు సాగినవి, ఊరిలో ఏ వదంతి పుట్టినది, ఇవన్నియు అందులో కలవు. ఆ పుస్తకములు 1846లో వెలుగులోనికి వచ్చినవి. మద్రాసు ప్రభుత్వము 1904 మొదలు 1928 వరకు వానిని ఆంగ్లమున 12 సంపుటములుగా ప్రకటించినది. ఆనాటి రేవుపట్టణపు బ్రదుకును తెలిసికొనగోరువారు నేటికిని ఆ సంపుటములనే ఆశ్రయింతురు.

ఇది విన్న దినమున నాకు మా యూరి యరుగు జ్ఞప్తికి వచ్చినది. సెలవులకు పోయి, తాతగారి పుస్తకములను ఈమారు శ్రద్ధతో చదివితిని. 1947 ఆగస్టు 15వ తేదీ, శుక్రవారము క్రింద ఇట్లున్నది: "స్వాతంత్ర్యము వచ్చినది. బడిపై జెండా ఎత్తితిమి. పిల్లలకు బెల్లము, అటుకులు పంచితిమి. రేపు అమావాస్య. పోటు ఎక్కువగా నున్నది. పడవలు పోలేదు." దేశచరిత్రయు, సముద్రపు పోటును ఒక్కచోట నిలిచియుండుట చూచి నేనాశ్చర్యపడితిని. ఆ దినమున జెండావందనము జరిగినట్లు చరిత్రగ్రంథములు చెప్పును. ఆ దినమున మా పాలెమువారు వేటకు పోలేదనియు, పిల్లలు అటుకులు తినిరనియు మరి ఏ గ్రంథము చెప్పును?

1974లో తాతగారు స్వర్గస్థులైరి. పుస్తకముల పెట్టెను మా యమ్మ విజయవాడలోని మా యింటికి చేర్చినది. అటుపై మూడేండ్లకు, 1977 నవంబరు 19వ తేదీ శనివారమున, దివిసీమను ఉప్పెన ముంచెత్తినది. ఇంటికప్పులను మించి లేచిన సముద్రము పల్లెలమీద పడినది. దాదాపు 10,000 మంది ప్రాణములు కోల్పోయిరని లెక్కలు తేల్చినవి. పాలెమున్న చోట ఇసుక మాత్రము మిగిలినది. తాతగారి ఇల్లును, బడియు కూలినవి.

కొన్ని నెలలకు ఒకనాటి యుదయమున మా వాకిట ఒక మనుష్యుడు నిలిచియుండెను. నేనాతనిని వెంటనే గుర్తింపలేకపోతిని. అతడు నాతోకూడ కాగితపు పడవలు విడిచిన స్నేహితుడే. చిన్ననాడు "ఒరే" యని పిలిచినవాడు నేడు "బాబూ" అనెను.

"బాబూ! మాస్టారి పుస్తకములు మీయొద్ద నున్నవని విని వచ్చితిని. మా యమ్మయు, చెల్లెలును నీటిలో పోయిరి. వారి పటమొకటియు నాకు లేదు. చెల్లెలు 1955 శ్రావణములో పుట్టినదని అమ్మ చెప్పెడిది. పాలెములో బిడ్డ పుట్టినచో మాస్టారు వ్రాసికొనెడివారు కదా! ఆ దినమేదో చూచి చెప్పగలరా?"

నేను పెట్టె తెరచి 1955వ సంవత్సరపు పుస్తకము తీసితిని. ఆషాఢము వరకు పుటలున్నవి. ఆపైన పది యాకుల మొదళ్లు మాత్రమున్నవి. తరువాత భాద్రపదము. నా చేయి చల్లబడినది.

దాపరికము చేయుటకు మనసొప్పలేదు. ఆ యాకులను చింపినవాడను నేనేనని చెప్పితిని. అతడు కొంతసేపు ఊరకుండి, "పడవలు చేసినవాడను నేనే కదా, బాబూ!" అనెను.

అప్పుడు నాకు ఆ రాత్రి వెలిగిన లాంతరు స్ఫురించినది. 1959వ సంవత్సరపు పుస్తకమును వెదకితిని. అందులో ఇట్లు వ్రాయబడియున్నది: "మనుమడును, పాలెపు పిల్లవాడును పాతచిట్టానుండి పదియాకులు చింపి పడవలు చేసిరి. అన్నియు మునిగినవి. పిల్లలు సంతోషించిరి. పోయిన సంగతులను జ్ఞాపకమున్నంతవరకు తిరిగి వ్రాయుచున్నాను." దానిక్రింద పన్నెండు పంక్తులు కలవు. వానలు, వరినాట్లు, ఒక పడవ మరమ్మతు, ఒక పెండ్లి. చివరి పంక్తి, "తక్కినవి మరచితిని." ఆ బిడ్డ పుట్టుక అందులో లేదు.

అతడు లేవబోయెను. నేనాతనిని ఆపి, మరుసటియేటి పుస్తకమును పుటపుటయు చూచితిని. మధ్యాహ్నమగుసరికి 1956లో ఒక పంక్తి దొరకినది. అతని తల్లి పేరు వ్రాసి, తాతగారిట్లు వ్రాసిరి: "ఎండుచేపలమ్మి ఎనిమిదణాలు తెచ్చినది. కొడుకును బడిలో వేసి, పలక కొన్నది. మిగిలిన డబ్బులకు చంటిపిల్లకు నల్లగాజులు తీసికొన్నది. ఉత్తరపుగాలి."

"మరల చదువుడు, బాబూ!" అనెను. చదివితిని. "నల్లగాజులు" అని తనలో తాననుకొని కన్నులు తుడుచుకొనెను. ఆ పంక్తిని ఒక కాగితముమీద వ్రాసి యిచ్చితిని. దానిని నాలుగు మడతలు పెట్టి, చొక్కాజేబులో భద్రపరచుకొని అతడు వెడలిపోయెను.

1864 నవంబరు 1వ తేదీ రాత్రి బందరుపై విరుచుకుపడిన ఉప్పెనలో దాదాపు 30,000 మంది మరణించిరని చదివియున్నాము. ఆ సంఖ్య మనకు మిగిలినది. ఆ 30,000 మందిలో ఏ తల్లి తన బిడ్డకు గాజులు కొన్నదో మనకు తెలియదు. సంఖ్య యెంత పెద్దదైనను అందులో మనుష్యుని ముఖము కనబడదు. గాలివాటమును, చేపల ధరను వ్రాసిన పంక్తులలో అది కనబడును.

బాలలారా! దినచర్య వ్రాయుటకు గొప్ప సంఘటనలు జరుగనక్కరలేదు. నేడు మీ యింట ఏమి వండిరి, మీ వీధిలో ఎవరికేమి జరిగినది, కూరగాయల ధర యెంత, వాన వచ్చెనా లేదా, ఇవి చాలును. చూచినది చూచినట్లు, తేదీతో వ్రాయుడు. ఇరుగుపొరుగు వారిని పేరుపెట్టి వ్రాయుడు.

నేనును 1978 మొదలు ప్రతిరాత్రియు నాలుగు పంక్తులు వ్రాయుచున్నాను. అప్పుడప్పుడు తాతగారి పెట్టె తెరచి పుస్తకములకు ఎండ చూపుదును. 1955వ సంవత్సరపు పుస్తకమును దులుపునపుడు, ఆ పదియాకులు లేని చోటు నేటికిని నా వ్రేళ్లకు తగులుచుండును.