మిస్సింగ్ ఎప్పుడు పోతుంది?

పాత కారు సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు స్టీరింగు మొదలు కిటికీ అద్దాల దాకా వణకడాన్నీ, పచ్చదీపం పడ్డాక యాక్సిలరేటర్ తొక్కితే ఒక్క క్షణం తటపటాయించి ఆ తరువాత కుదుపుతో ముందుకు దూకడాన్నీ యజమానులు తరచు ఒకే జబ్బుగా చెప్పుకుంటారు. మెకానిక్కులు మాత్రం మొదటిదాన్ని ఐడ్లింగులో మిస్సింగ్ అనీ, రెండోదాన్ని పికప్ లేకపోవడమనీ వేరుచేస్తారు. ఆ రెండు సందర్భాలకూ పెట్రోలు అందించే దారులు, గాలినీ పెట్రోలునూ కలిపే కార్బురేటర్‌లో వేర్వేరుగా ఉంటాయి కాబట్టి ఈ విభజన సబబైనదే.

బండి నిలిచి ఉండగా ఇంజను ఆగిపోకుండా తిరగడానికి చాలినంత ఇంధనంతోనే నడవడాన్ని ఐడ్లింగ్ అంటారు. 1983 నుంచి 2014 దాకా తయారైన మారుతి 800లో, అందులోనూ 2000 ప్రాంతంలో ఎంపీఎఫ్ఐ, అంటే పెట్రోలును ఇంజెక్టర్లతో చిమ్మే పద్ధతి, రాకముందు కార్బురేటర్‌తో నడిచిన బండ్లలో, 796 సీసీల ఇంజనుకు ఉన్నవి మూడే సిలిండర్లు. నిమిషానికి 850 చుట్ల దగ్గర ఒక్కో సిలిండరులో 425 సార్లు నిప్పు అంటుకోవాలి. నాలుగు సిలిండర్ల అంబాసిడర్‌లో ఒకటి మొరాయిస్తే పోయే బలం పావు వంతు, ఇందులో మూడో వంతు. కాబట్టి ఈ చిన్న కారు తన బాధను దాచుకోలేదు.

వణుకు ఎప్పుడు వస్తున్నదో అందరూ చెబుతారు గాని, ఎప్పుడు పోతున్నదో గమనించేవారు తక్కువ. అసలు ఆధారం అక్కడే ఉంటుంది. గాలి దారిని తెరిచి మూసే రేకును థ్రాటిల్ అంటారు. ఐడ్లింగులో అది దాదాపు మూసుకొని ఉండడంతో దాని వెనుక మానిఫోల్డ్‌లో, అంటే మిశ్రమాన్ని సిలిండర్లకు పంచే గొట్టాల కూడలిలో, పీల్పు బలంగా ఉంటుంది. అక్కడ గాస్కెట్ చిట్లినా, బ్రేక్ బూస్టరుకో డిస్ట్రిబ్యూటరుకో వెళ్ళే సన్నని గొట్టం పగిలినా, లెక్కలో లేని గాలి చొరబడి మిశ్రమం పలచబడుతుంది. యాక్సిలరేటర్ తొక్కి థ్రాటిల్ తెరిస్తే లోపలికి వచ్చే మొత్తం గాలిలో ఆ దొంగగాలి వంతు స్వల్పమైపోయి ఇంజను సర్దుకుంటుంది. కరెంటు లోపం దీనికి ఎదురుగా నడుస్తుంది: ఎత్తు ఎక్కేటప్పుడు సిలిండరులో ఒత్తిడి పెరిగేకొద్దీ ప్లగ్గు సందును దాటడానికి నిప్పురవ్వకు ఎక్కువ వోల్టేజి కావలసి వస్తుంది గనుక, అరిగిన ప్లగ్గూ నీరసించిన కాయిలూ బరువు పడినప్పుడే బయటపడతాయి.

ఈ తేడా చూడకుండానే ఐడ్లింగ్ స్క్రూ తిప్పి చుట్లు పెంచడం గ్యారేజీల్లో మామూలు. దానితో వణుకు మరుగునపడుతుంది, కారణం మాత్రం ఉన్నచోటే ఉండి పెట్రోలు దండగవుతుంది. అంతకంటే నమ్మదగిన పద్ధతి, ఇంజను ఆపి ఒక ప్లగ్గు వైరు తీసి, దాన్ని విడి ప్లగ్గుకు తగిలించి ఇంజను లోహానికి గట్టిగా ఆనేలా అమర్చి, మళ్ళీ స్టార్టు చేసి వినడం; ఏ వైరు తీసినప్పుడు ఇంజను తీరు మారలేదో ఆ సిలిండరు ముందునుంచీ పని చేయడం లేదన్నమాట. దాని ప్లగ్గు విప్పి చూస్తే పొడి మసి పెట్రోలు ఎక్కువైందనీ, జిడ్డు తడి ఇంజనాయిల్ లోపలికి దిగుతున్నదనీ, సున్నం వేసినట్టున్న తెలుపు మిశ్రమం పలచబడిందనీ తెలుపుతాయి; బిస్కెట్ రంగు ఆరోగ్య లక్షణం.

తటపటాయింపు సంగతి వేరు. థ్రాటిల్ ఒక్కసారిగా తెరుచుకుంటే తేలికైన గాలి వెంటనే దూసుకుపోతుంది, బరువైన పెట్రోలు వెనకబడుతుంది. ఆ లోటు తీర్చడానికి కార్బురేటర్‌లో యాక్సిలరేటర్ పంపు ఉంటుంది. ఇంజను ఆపి, ఎయిర్ ఫిల్టర్ డబ్బా తీసి, థ్రాటిల్‌ను చేత్తో లాగుతూ కార్బురేటర్ గొంతులోకి తొంగిచూస్తే, కదలిక మొదలైన క్షణంలోనే సన్నని పెట్రోలు ధార చిమ్మాలి. అది బొట్లుబొట్లుగా రాలినా, ఆలస్యంగా వచ్చినా, పంపులోని రబ్బరు పొర చిరిగిందనో, నిలవ పెట్రోలు గట్టిపడి రంధ్రాన్ని పూడ్చిందనో అనుకోవచ్చు. పెట్రోలులో 20 శాతం ఇథనాల్ వచ్చాక ఈ అనుమానానికి బలం పెరిగింది: ఆ మిశ్రమాన్ని తట్టుకునేలా చేయని పాత రబ్బరు దానిలో ఉబ్బి పాడయ్యే అవకాశం ఉండడమే కాక, ఇథనాల్‌లోనే ఆక్సిజన్ ఉన్నందువల్ల ఒట్టి పెట్రోలుకు కొలిచి పెట్టిన జెట్ల, అంటే కార్బురేటర్‌లోని సన్నని రంధ్రాల, గుండా వచ్చే మిశ్రమం కొంత పలచనవుతుంది.

ఇవన్నీ సరిగ్గా ఉన్నా వణుకు తగ్గనప్పుడు వాల్వులను కదిలించే టాపెట్ల సందును కొలవాలి. టకటకమనే టాపెట్టుకు అందరూ భయపడతారు గాని, చప్పుడే లేని టాపెట్టు అంతకంటే అనుమానించదగినది. సందు లేకుండా బిగిసినప్పుడు వేడెక్కిన వాల్వు పూర్తిగా మూసుకోక, ఇంజను నెమ్మదిగా తిరిగే వేళ కంప్రెషన్ జారిపోయేందుకు ఎక్కువ వ్యవధి దొరుకుతుంది, పోను పోను ఎగ్జాస్ట్ వాల్వు అంచు కాలిపోతుంది కూడా. అటువంటి ఇంజనుకు కార్బురేటర్‌ను ఎన్నిసార్లు విప్పి కడిగినా ఐడ్లింగ్ కుదరదు.