ఎడమవైపు పైన ఉన్న చుక్క

2019. బీటెక్ అయ్యాక అమీర్‌పేట హాస్టల్‌లో ఉంటూ మైత్రీవనం దగ్గర పైథాన్ నేర్చుకుంటున్నా. నాన్న ఇంకో రెండు నెలలే డబ్బులు పంపగలనన్నాడు.

ప్రాక్టీస్‌కి ఫిఫా 19 డేటా తీసుకున్నా. 18 వేల మందికి పైగా ఆటగాళ్లు! అడ్డంగా ధర, నిలువుగా పొటెన్షియల్ పెట్టి గ్రాఫ్ గీశా. ఎడమవైపు పైన ఉన్న చుక్కలంటే చౌకగా దొరికే, బాగా ఎదిగే కుర్రాళ్లు. కెరీర్ మోడ్‌లో వాళ్లనే కొన్నా. మొదటి సీజన్ అంతా ఓటములే.

"రేపటి ఆటగాళ్లతో ఇవాళ్టి మ్యాచ్ ఎలా గెలుస్తావ్‌రా?" అని రూమ్మేట్ నవ్వాడు. నిజమే. ఇప్పటి ఆటని చెప్పే ఓవరాల్ రేటింగ్‌ని బట్టి చుక్కలకి రంగులేసి, సీనియర్లనీ కలిపా. రెండో సీజన్‌లో టీమ్ కుదురుకుంది.

పంజాగుట్టలో ఇంటర్వ్యూకి ఆ గ్రాఫే చూపించా. "ఫ్రెషర్‌ని ఎందుకు తీసుకోవాలి?" అన్నారు.

"నేనూ ఆ మూల చుక్కనే సార్. పక్కన సీనియర్లుంటే చాలు."

ఆయన నవ్వారు. రెండో నెల హాస్టల్ ఫీజు కట్టిన వారానికి ఆఫర్ లెటర్ వచ్చింది.