ఆ కుర్చీ, మా బస్తీ

జీడిమెట్ల ఫ్యాక్టరీల పక్క బస్తీల్లో బతికేవాళ్లం మేము. ఇంటెలిజెన్స్ బ్యూరో మాకు కొలువుగా తెలీదు, అనుమానంగానే తెలుసు.

ఆంధ్రప్రదేశ్ కేడర్ ఐపీఎస్ నరసింహన్ 2005లో దానికి అధిపతి అయ్యారు. 2009 చివర్లో మనకు గవర్నరుగా వచ్చారు. ఆయన్నెవరూ 'హిందూ అధిపతి' అనలేదు. 2013 జనవరి 1న సయ్యద్ ఆసిఫ్ ఇబ్రహీం అదే కుర్చీలో కూర్చుంటే 'తొలి ముస్లిం' అన్నారు. మేమూ మురిశాం. 1887లో పుట్టిన సంస్థకు ఒక్క ముస్లిం దొరకడానికి 125 ఏళ్లు ఎందుకు పట్టిందని మాత్రం ఎవరూ అడగలేదు.

2007లో మక్కామసీదులో బాంబు పేలితే చచ్చిందీ మేమే, పట్టుకుపోయిందీ మా పిల్లల్నే. తర్వాత కోర్టులో వాళ్లు నిర్దోషులయ్యారు. పోయిన రోజులు మాత్రం తిరిగి రాలేదు.

ఇబ్రహీం 2014 డిసెంబరులో రిటైరయ్యారు. మేము అద్దె గది అడిగితే ఇవాళ్టికీ ముందు పేరే అడుగుతారు. దేశం రహస్యాలు మాలో ఒకరి చేతిలో రెండేళ్లు భద్రంగా ఉన్నాయి. మా చేతికి ఒక గది తాళంచెవి ఇవ్వడానికి ఇంకేం రుజువు కావాలి?