మనిషికి రెండే చేపలు!

అమెరికాలో ఉన్న పిల్లల దగ్గరికో, తోడబుట్టిన వాళ్ళ దగ్గరికో వెళితే మనకి చూపించేవి గుళ్ళు, షాపులు, పెద్ద పెద్ద రోడ్లు. ఈసారి టెక్సాస్‌లోని హ్యూస్టన్ వైపు వెళితే, వేసవిలో ఒక రోజు గాల్వెస్టన్ కోసం అట్టేపెట్టుకోండి. 80 కిలోమీటర్ల దూరం, కారులో గంట ప్రయాణం. అక్కడ పడవెక్కి సముద్రం లోపలికి వెళ్ళి మన చేత్తో మనమే చేపలు పట్టుకోవచ్చు. మా చెల్లెలి కాపురం హ్యూస్టన్‌లోనే కాబట్టి నాకా సరదా తీరింది.

పడవంతా మనమే మాట్లాడుకోవచ్చు, లేదా మనిషికింత అని టిక్కెట్టు కొని నలుగురితో పాటు వెళ్ళచ్చు. గాలం, రీలు, ఎర వాళ్ళే ఇస్తారు. పెద్దవాళ్ళకి లైసెన్సు ఉండాలి. ఒక్క రోజుకి కూడా దొరుకుతుంది. 17 ఏళ్ళ లోపు పిల్లలకి అక్కర్లేదు.

అక్కడ అందరూ ఆశపడేది రెడ్ స్నాపర్ అనే ఎర్రచేపకి. ఒడ్డు నుంచి 9 నాటికల్ మైళ్ళు దాటాక కేంద్ర ప్రభుత్వ నిబంధనలు వర్తిస్తాయి. రోజుకి మనిషికి రెండే స్నాపర్లు, అదీ 16 అంగుళాలకి తగ్గకూడదు. టిక్కెట్టు పడవలకి వీటి సీజన్ జూన్ 1న మొదలవుతుంది.

"ఇంత డబ్బు పోసి రెండు చేపలా! బజార్లో కొంటే పోలా?" అంది మా చెల్లెలు. మీకూ అదే అనిపిస్తుంది కదూ? కానీ కారణం వినండి. ఈ చేప యాభై ఏళ్ళకి పైగా బతకగలదు. అలాంటిది, అడ్డూ ఆపూ లేకుండా పట్టేయడంతో 1980ల నాటికి బాగా తరిగిపోయింది. లెక్క పెట్టి పట్టనిచ్చాకే మళ్ళీ పెరిగింది. మన తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా మరపడవల వేట ఆపడం కూడా ఇలాంటిదే.

రెండే అన్నారని సరదా తగ్గదండీ. తెల్లవారుతుండగా పడవ కదిలితే పక్కనే డాల్ఫిన్లు ఎగురుతాయి, పైన పెలికాన్ పక్షులు. చమురు తీసే ఇనుప కట్టడాల దగ్గర చేపలు గుంపుగా ఉంటాయి. అక్కడ ఆపి గాలం వదులుతారు. చేప లాగినప్పుడు చూడాలి, చేతులు పీక్కుపోతాయి!

మా చెల్లెలి కొడుక్కి పదేళ్ళు. వాడికి రెండు చేపలు అయిపోయాక మూడోది పడింది. అన్నిట్లోకీ అదే పెద్దది. వదిలేయాలనేసరికి వాడి కళ్ళనిండా నీళ్ళు. లోతు నుంచి పైకి లాగిన చేపకి లోపలి గాలితిత్తి ఉబ్బిపోతుంది. ఊరికే నీళ్ళలో వేస్తే మునగలేక తేలుతూ చచ్చిపోతుంది. అందుకని పడవ కుర్రాడు దాని మూతికి బరువున్న క్లిప్పు తగిలించి కిందికి దింపాడు. అడుగున అది విడిపోయి ఉత్త క్లిప్పు పైకి రాగానే వీడు చప్పట్లు కొట్టాడు. ఇంటికెళ్ళాక స్నేహితులకి చెప్పుకున్నది ఆ వదిలేసిన చేప సంగతే.

నలుగురికీ కలిపి ఏడు చేపలొచ్చాయి. పులుసుకీ, వేపుడుకీ బోలెడు. మిగిలింది పక్కింటి వాళ్ళకి పంపాం.

కొన్ని జాగ్రత్తలు చెప్తాను. కడుపులో తిప్పకుండా డాక్టర్నడిగి మాత్ర ముందే వేసుకోండి. జారని చెప్పులు, టోపీ మరవద్దు. ఒడ్డుకొచ్చాక పడవ కుర్రాళ్ళే చేపలు కోసిస్తారు, వాళ్ళకి టిప్పు ఇవ్వడం ఆనవాయితీ. తల, ముల్లు పారేస్తారు కనుక కావాలని ముందే చెప్పండి. తల లేని పులుసుకి రుచేముంది! సీజన్ ఎప్పుడు మూసేదీ ఏ ఏటికా ఏడు మారుతుంటుంది, టిక్కెట్టు కొనేముందే అడిగి తెలుసుకోండి.