తిన్నవాడు చెప్పిన బిల్లు

సావనీరుకి ఏదైనా రాసిమ్మని కార్యదర్శి వెంటపడ్డాడు. కవిత్వం నాకు రాదు, కథ అల్లలేను. నేను చేసిన తప్పొకటి ఉంది, రాయమంటే అది రాస్తానన్నాను.

కిందటేడు మన ఉత్సవాల పోటీలకి పేర్లు నమోదు చేసుకునే వెబ్ అప్లికేషన్ నేనే తయారుచేశాను. రెండు రాత్రుళ్ళలో ముగించానని గొప్పలు పోయాను కూడా. అంతా ఒకటే పిహెచ్‌పి ఫైలు! పైన డేటాబేస్ వ్యవహారం, మధ్యన హెచ్‌టిఎంఎల్, అడుగున జావాస్క్రిప్టు. పెళ్ళివారింటి గుమ్మంలో చెప్పుల్లా ఒకటి దొరికితే దాని జత దొరకదు.

ఆ గందరగోళంలో రుసుము లెక్క బ్రౌజర్లోనే ఉండిపోయింది. పోటీకి 150 రూపాయలు. మూడింటికి టిక్కు పెడితే తెరమీద ఠక్కున 450 పడేది. ఆ అంకెనే సర్వర్ మారుమాటాడకుండా అందుకుని డబ్బు కట్టించుకునేది.

మా నాన్నగారికి సర్వరంటే కాఫీహోటల్లో ఇడ్లీ తెచ్చే మనిషే. తిన్నవాడు చెప్పిన అంకెకి బిల్లు రాసే సర్వర్ని ఆయన ఎక్కడా చూసి ఉండరు. నేను తయారుచేశాను.

ఉత్సవాలయ్యాక లెక్క చూస్తే 2,694 రూపాయలు తక్కువ. కోశాధికారి నా రూమ్మేటే. ఆ రాత్రి వాణ్ణి నేనడిగిన మాట ఇక్కడ రాయలేను. వాడు బదులు చెప్పలేదు. ఇంటినుంచి వచ్చిన మెస్సు డబ్బులోంచి తీసి కట్టేశాడు.

వారం తరువాత డేటాబేస్ తిరగేస్తే ఆరుగురి పేర 450 ఉండాల్సిన చోట ఒక్క రూపాయి! బ్రౌజర్లోనే ఉన్న డెవలపర్ టూల్స్ తెరిచి అంకె మార్చేశారు. బ్రౌజర్‌కి పంపిన కోడు అవతలివాడి చేతిలో ఉన్నట్టే. జావాస్క్రిప్టుని 1995లో నెట్‌స్కేప్‌లో బ్రెండన్ ఐక్ పది రోజుల్లో రూపొందించాడంటారు. ఫారంలో ఖాళీ గడి ఉంటే సర్వర్ దాకా పోకుండానే చెప్పడానికి అది బాగా పనికొస్తుంది. కానీ అది మర్యాదే, కాపలా కాదు.

మళ్ళీ మొదటినుంచీ రాశాను, ఈసారి నోడ్ జేఎస్‌లో. 2009లో ర్యాన్ డాల్ దాన్ని తెచ్చాక రెండు వైపులా ఒకే భాషతో నడిపించుకునే వీలు పెరిగింది. కోడుని మూడు ఫోల్డర్లు చేశాను: క్లయింట్, సర్వర్, ఉమ్మడి. ఫోన్ నంబరుకి పది అంకెలుండాలన్న నియమం ఉమ్మడిలో ఉంటుంది, రెండు చోట్లా అదే పరీక్షిస్తుంది. ధరల పట్టీ మాత్రం సర్వర్‌దే. బ్రౌజర్ ఏ పోటీలో చెబుతుందంతే, ఎంతో చెప్పదు.

ఒకే భాష అయినందువల్ల ఇంకో చిక్కుంది, సరిహద్దు కంటికి ఆనదు. సౌకర్యం కదా అని డేటాబేస్ పాస్‌వర్డున్న ఫైలుని ఉమ్మడిలో పెట్టబోయాను. మా లెక్చరర్‌గారు చూసి, “ఏమోయ్, క్లయింటు కోడు దాన్ని ఒక్కసారి ఇంపోర్టు చేసుకుందంటే ఊరందరి బ్రౌజర్లలోకీ పోతుంది, తెలుసా?” అన్నారు. వెంటనే తీసేశాను.

ఈ ఏడూ వాడే కోశాధికారి. 2,694 లెక్కపెట్టి ఇవ్వబోతే తీసుకోలేదు. “అదలా ఉంచు. ఫీజు ఎక్కడ లెక్కకడుతున్నావో ముందు చూపించరా” అన్నాడు. సర్వర్ ఫోల్డరు తెరిచి చూపించాను.