గీత రాని చేపలు

మా ఇంట్లో బోరు నీళ్లకి పదిహేనేళ్లలో ఒక్క మంచి మాట దక్కలేదు. బకెట్ల అంచులకి తెల్లటి పొర, కుక్కర్ అడుగున సున్నం, ఏడాదికోసారి గీజరు మెకానిక్‌కి అప్పగింత. జుట్టు రాలినప్పుడల్లా మా ఆవిడ తిట్టేది నన్నే, ఈ ఏరియాలో ఫ్లాటు కొన్నది నేనే కాబట్టి. హైదరాబాద్‌లో చాలా కాలనీల్లో ఇదే కథ. వీటిని మేం ఉప్పు నీళ్లంటాం. ఇలాంటి గట్టి నీళ్లు ఉంటేనే హాయిగా బతికే చేపలు ఉన్నాయని నాకు రిటైరయ్యాక గానీ తెలియలేదు.

అయితే వాటి దాకా రావడానికి ముందు ఓ తెలివితక్కువ పని చేశాను. బ్యాంకులో చివరి జీతం అందుకున్న నెలలో నాలుగడుగుల పొడవు, అడుగున్నర వెడల్పు, అంతే ఎత్తున్న గాజు తొట్టి కొన్నాను. సుమారు 250 లీటర్లు పడుతుంది. షాపతను నాలుగు ఏంజెల్ ఫిష్‌లు, ఓ ఆస్కార్ పిల్ల, ఒంటినిండా నల్లచారలుండే కాన్విక్ట్ జంట చేతిలో పెట్టి, "అన్నీ సిక్లిడ్లే సార్, ఒకే ఫ్యామిలీ. కలిసుంటాయి" అన్నాడు. ఇద్దరు తమ్ముళ్లతో ఆస్తి పంచుకున్నవాణ్ణి, ఒకే ఫ్యామిలీ కాబట్టి కలిసుంటాయంటే ఎలా నమ్మానో!

నెల తిరక్కుండానే కాన్విక్ట్ జంట పూలకుండీ పెంకు మీద గుడ్లు పెట్టింది. ఇక చూడాలి. వేలెడంత చేపలు, తమకన్నా పెద్దగా పెరిగిన ఆస్కార్‌ని ఓ మూలకి నెట్టి అక్కణ్ణించి కదలనివ్వలేదు. ఏంజెల్స్‌కి రెక్కలు మిగల్లేదు. అన్నింటినీ మళ్లీ షాపుకే ఇచ్చేశాను. తర్వాత చదివితే తెలిసింది, సిక్లిడ్ అన్న మాటకి ఎంత విస్తారముందో. మన చెరువుల్లో దొరికే తిలాపియా సిక్లిడ్డే. వాస్తు పేరు చెప్పి వేలకి వేలు పోసి కొంటున్న ఫ్లవర్‌హార్న్ సిక్లిడ్డే. కేరళ 2010లో రాష్ట్ర చేపగా ప్రకటించుకున్న కరిమీన్ కూడా అదే కుటుంబం. కాబట్టి "అన్నీ సిక్లిడ్లే" అంటే, అన్నీ చుట్టాలే అన్నట్టు. దాన్నిబట్టి పెళ్లిలో ఎవరి పక్కన ఎవర్ని కూర్చోబెట్టాలో తెలియదు.

రెండోసారి తొందరపడలేదు. ఆఫ్రికాలో మలావీ, మొజాంబిక్, టాంజానియా దేశాల మధ్య మలావీ సరస్సు ఉంది. లోతు 700 మీటర్లకి పైమాటే. వందల రకాల సిక్లిడ్లు అందులో తప్ప మరెక్కడా పుట్టవు. నీళ్లు క్షారగుణంతో, ఖనిజాలతో ఉంటాయి. అంచుల్లో రాళ్ల మధ్య బతికే రకాలని అక్కడివాళ్లు ఎంబునా అంటారు. నేను ఎంచుకున్నవి రెండు. ఒకటి ఎల్లో ల్యాబ్, నిమ్మపండు రంగు ఒంటికి వెన్ను రెక్క మీద కాటుక పెట్టినట్టు ఒక నల్ల గీత. రెండోది రెడ్ జీబ్రా. పేరులో జీబ్రా ఉన్నా షాపులో దొరికే రకానికి చారలుండవు, ఒళ్లంతా నారింజ రంగు.

వాటికి రాళ్లు కావాలి. మా ఇంటి ఫ్లోరింగ్‌లో మిగిలిన తాండూరు బండ ముక్కలు టెర్రస్ మీద పడున్నాయి. తాండూరు బండంటే సున్నపురాయే కదా, ఈ చేపలకి సరిగ్గా అదే పడుతుంది. శుభ్రంగా కడిగి, అడుగు గాజుకి దెబ్బ తగలకుండా థర్మాకోల్ వేసి, ఒకదాని మీద ఒకటి పేర్చి గుహల్లా చేశాను. బోరు నీళ్లు పట్టాను. చేపలు అలా తేరుకుని తిరుగుతుంటే మా ఆవిడ కాసేపు చూసి, "అయితే ఈ నీళ్లు వీటికోసమేనన్నమాట. మనమే మధ్యలో వచ్చాం" అంది.

ఎంబునాలని పెంచడంలో ఓ విచిత్రం ఉంది. తొట్టిలో నాలుగే చేపలుంటే బలమైనది బలహీనమైనదాన్ని వెంటాడి చంపేస్తుంది. పదిహేను, ఇరవై ఉంటే కోపం పదిమంది మీదకీ చెదిరిపోతుంది, ఎవరికీ ప్రాణం మీదకి రాదు. అయితే అన్ని చేపల మలినాన్నీ శుభ్రం చేసే పెద్ద ఫిల్టరుండాలి, వారం వారం మూడోవంతు నీళ్లు మార్చాలి. కొత్తది తెచ్చినప్పుడు రాళ్లన్నీ తీసి వేరేలా పేర్చాలి. అప్పుడు పాతవాటికీ తమ ఇల్లేదో తెలియదు, కొత్తదానితో సమానంగా వెతుక్కుంటాయి.

ఓ రోజు మా ఆవిడ వంటింట్లోకి పరిగెత్తుకొచ్చింది. "ఏమండీ, ఒకదానికి గవదబిళ్లలు లేచాయి!" వెళ్లి చూద్దును కదా, ఓ ఆడ ల్యాబ్ దవడ కింద ఉబ్బుంది. మేత వేస్తే అన్నీ ఎగబడ్డాయి, అది మాత్రం రాయి వెనకే నిలబడింది. మలావీ ఆడచేపలు గుడ్లని పెట్టీ పెట్టగానే నోట్లోకి తీసుకుంటాయి. మగచేప కింది రెక్క మీద గుడ్లలాంటి మచ్చలుంటాయి. ఆడది అవీ గుడ్లేననుకుని నోటితో అందుకోబోతుంది, మగది అప్పుడు వదిలిన బీజం నోట్లోకి చేరుతుంది. ఆపైన మూడు నుంచి నాలుగు వారాల పస్తు. నోరు మెల్లగా ఆడిస్తూ గుడ్లని దొర్లిస్తూ ఉంటుంది. ఆ మే నెలలో ఓ రాత్రి కరెంటు పోయి మూడు గంటలు రాలేదు. బ్యాటరీతో నడిచే గాలి పంపు పెట్టి, పక్కన కుర్చీ వేసుకుని కూర్చున్నాను. మా అమ్మాయి పుట్టినప్పుడు కూడా హాస్పిటల్ బయట అంతసేపు మెలకువగా లేవని మా ఆవిడ ఇప్పటికీ దెప్పుతుంది.

ఇంతవరకూ సంతోషంగా చెప్పుకోగలను.

మా ల్యాబ్‌లలో మగది ఒకటే అని నా లెక్క. ఆ రకంలో ఆడామగా పోల్చడం కష్టం. ఓ ఉదయం ఆ పెద్ద మగది రెక్కలు చినిగి ఫిల్టరు మూల చచ్చి ఉంది. పని రెడ్ జీబ్రా మగదానిదే. రెండు నెలల తర్వాత ఆడ ల్యాబ్ మళ్లీ నోరు ఉబ్బించుకుంది. ఫలించని గుడ్లయితే నాలుగైదు రోజుల్లో మింగేస్తుంది. ఇది 25 రోజులు మోసింది. అంటే తండ్రి ఉన్నాడు. ఎవరు? మిగిలిన చిన్న ల్యాబ్‌లలో ఒకటి మగదేమో అనుకున్నాను. అనుకోవడం నాకు సౌకర్యంగా ఉంది. ఆ కాన్పులో, తర్వాతి రెండు కాన్పుల్లో కలిపి ముప్పైకి పైగా పిల్లలొచ్చాయి. అన్నీ లేత పసుపు.

రెండో అంతస్తులో ఇంటర్ చదివే కుర్రాడొకడున్నాడు. సాయంత్రం కాసేపు మా తొట్టి ముందు కూర్చునేవాడు. కాసేపంటే వాళ్లమ్మ ఫోన్ చేసేదాకా. దాచుకున్న డబ్బులతో రెండున్నర అడుగుల తొట్టి కొనుక్కున్నాడు. "అంకుల్, నాకు మంచి లైన్ కావాలి. ఒక్క ల్యాబ్‌లే పెంచి, వాటి పిల్లల్ని కూడా పెంచుతా" అన్నాడు. పన్నెండు పిల్లల్ని యాభై చొప్పున ఆరొందలకిచ్చాను. "ప్యూర్ ఎల్లో ల్యాబ్" అని నా నోటితోనే అన్నాను. మరో ఇరవై షాపతనికిచ్చి బదులుగా స్పిరులినా మేత డబ్బా తెచ్చుకున్నాను.

ఆర్నెల్ల తర్వాత కుర్రాడు వచ్చాడు. "అంకుల్, వెన్ను మీద నల్ల గీత రాలేదు. పక్కన ఏవో మసక చారలొస్తున్నాయి. రంగు కూడా నారింజకి తిరుగుతోంది."

చూడకుండానే అర్థమైంది నాకు. అప్పుడైనా చెప్పాల్సింది. "మీ తొట్టిలో మంజీర నీళ్లు కదూ, కాస్త మెత్తనివి. అందుకే రంగు తేలట్లేదు" అన్నాను. ముప్పై నాలుగేళ్లు కౌంటర్‌లో కూర్చున్నవాణ్ణి, తడుముకోకుండా వచ్చింది.

వాడు నమ్మాడు. నీళ్ల పీహెచ్ పెంచడానికి వంట సోడా వేయొచ్చని ఎక్కడో చదివి, ఆ రాత్రే మూడు చెంచాలు వేశాడు. వాడి ఫిల్టరు చిన్నది, చేపలు ఎక్కువ. నీళ్లలో అమ్మోనియా అప్పటికే ఉండుంటుంది. పీహెచ్ తక్కువగా ఉన్నంతసేపు అది అమ్మోనియం రూపంలో ఉండి పెద్దగా హాని చేయదు, ఒక్కసారిగా పెంచితే విషమవుతుంది. తెల్లారేసరికి ఐదు పోయాయి. స్టీలు గిన్నెలో వేసుకుని తీసుకొచ్చి, "నేనేం తప్పు చేశాను అంకుల్?" అని అడిగాడు.

గిన్నె ముందు పెట్టుకుని చెప్పాను. మగది చచ్చిపోయిన సంగతి, నాకున్న అనుమానం, నీళ్ల మాట అబద్ధమన్నది, అన్నీ. వాడేమీ అనలేదు. ఆరొందలు తెచ్చి ఇస్తే వద్దంటాడేమో అనుకున్నాను. లెక్కపెట్టుకుని జేబులో పెట్టుకున్నాడు. గుమ్మం దాకా వెళ్లి, "మిగిలిన ఏడింటినీ ఏం చేయాలి?" అన్నాడు. "పెంచుకో. వాటి తప్పేముంది? కాకపోతే వాటి పిల్లల్ని ల్యాబ్‌లని చెప్పి ఎవరికీ ఇవ్వకు" అన్నాను. ఆ చివరి మాట అనే అర్హత నాకుందా అన్నట్టు చూశాడు.

షాపుకీ వెళ్లాను. "అవెప్పుడో అమ్ముడుపోయాయి సార్. పసుపుగా ఉన్నాయి కదా, చాలు" అని నవ్వాడు. ఆ ఇరవై ఇప్పుడు ఎవరెవరి తొట్టెల్లో ఏ పేరుతో ఉన్నాయో.

మా ఆవిడ అడిగింది, "మనుషుల్లోనే కులాంతరాలు జరిగిపోతుంటే చేపలకెందుకండీ ఈ పట్టింపు?" అని. అది వేరు, ఇది వేరు. ఆ సరస్సులో పక్కపక్క రాళ్ల మీదే ఉంటూ కూడా ఈ రకాలు విడిగా నిలబడ్డాయి. తేటనీళ్లలో ఆడచేప ముఖ్యంగా రంగు చూసి తనవాణ్ణి ఎంచుకుంటుంది. విక్టోరియా సరస్సులో నీళ్లు మురికిపడ్డాక రంగులు కనబడక రకాలు కలిసిపోతున్నాయని 1997లో 'సైన్స్' పత్రికలో శాస్త్రవేత్తలు రాశారు. నా తొట్టిలో నీళ్లు తేటగానే ఉన్నాయి, ఎంచుకోవడానికి తనవాడే లేడు. ఆ పరిస్థితి తెచ్చింది నేను. వాటి కలయిక మీద నాకేం కోపం లేదు. పేరు మార్చి ఇచ్చింది మాత్రం చేప కాదు.

రెడ్ జీబ్రాలని పెద్ద తొట్టి ఉన్న ఒకాయనకి ఇచ్చేశాను. ఇంకో ఆరు ల్యాబ్‌లు తెచ్చాను, వాటిలో ఒకటి మగదిగా తేలింది. ఇప్పుడూ రెండు రకాలే ఉంచాను. ల్యాబ్‌లు, నీలం ఒంటికి పసుపు తోకుండే ఏసీలు. ప్రతి రకంలో ఒక మగది, నాలుగైదు ఆడవి ఉండేలా చూసుకుంటున్నాను. పక్కన ఓ నోటుబుక్కు పెట్టుకుని తేదీలు రాస్తున్నాను.

కుర్రాడు మూడు నెలలు మా ఇంటి వైపు రాలేదు. లిఫ్టులో కనిపిస్తే ఫోన్ చూసుకునేవాడు. మొన్న దీపావళికి వాళ్లమ్మ స్వీట్లిచ్చి పంపితే వచ్చాడు. వచ్చినవాడు అలవాటుగా తొట్టి ముందు వంగాడు. కొత్త పిల్లలు తొమ్మిది, విడి డబ్బాలో ఉన్నాయి.

"వీటి నాన్న ఎవరు?"

"ఆ మూల గుహలో ఉంటాడే, వాడు."

"చూశారా, అనుకుంటున్నారా?"

"చూశాను. సాయంత్రం ఐదింటికి ఆ చదును రాయి మీద ఇద్దరూ గుండ్రంగా తిరిగారు. గంటసేపు కదల్లేదు నేను." నోటుబుక్కు తీసి చూపించాను. తేదీ చదివాడు, ముందు పేజీలు కూడా తిప్పి చూశాడు. నేను ఊరుకున్నాను.

"ఐదివ్వండి" అన్నాడు. సంచిలో బోరు నీళ్లు పోసి, గాలి నింపి, ముడేసిచ్చాను. "డబ్బులేం వద్దులే" అన్నాను.

"ఇస్తాను అంకుల్. ముందు గీత రానివ్వండి."