కథ చెప్పినోళ్ల ఊళ్లు

హైదరాబాద్ నుంచి వరంగల్ రోడ్డు పట్టుకుని వెళ్తుంటే జనగామకు కాస్త ముందు పెంబర్తి వస్తుంది. ఇత్తడి రేకు మీద బొమ్మలు తీర్చే పనివాళ్ల ఊరది. రోడ్డు పక్క దుకాణాల్లో దీపపు కుందెలు, ద్వారాలకు కొట్టే రేకులు కనిపిస్తాయి. చాలామంది కార్లాపి బేరమాడి, ఏదో ఒకటి కొనుక్కుని ముందుకెళ్లిపోతారు. జనగామలో చాయ్ తాగి వరంగల్ వైపు సాగిపోతారు. పట్టణం నుంచి లింగాలఘనపురం దారి పట్టేవాళ్లు తక్కువ. ఆ మండలంలోనే ఉంది మాణిక్యాపురం... చుక్క సత్తయ్య ఊరు.

పేరు వినగానే ఈ చుట్టుపక్కల పెద్దవాళ్లకు చెవుల్లో డోలు మోగుతుంది. 1935లో పుట్టిన సత్తయ్య చిన్నతనంలోనే ఒగ్గు పట్టాడు. 2017 నవంబరు 9న కన్నుమూసేదాకా ఒగ్గుకథ అంటే ఆయనే, ఆయనంటే ఒగ్గుకథే. మధ్యలో వేల ప్రదర్శనలు. సంగీత నాటక అకాడమీ పురస్కారం వచ్చింది. కాకతీయ విశ్వవిద్యాలయం గౌరవ డాక్టరేటు ఇచ్చింది. ఊరి వాళ్లకు మాత్రం ఆయన కడదాకా సత్తయ్యే.

ఒగ్గు అంటే శివుడి చేతిలోని డమరుకం. దాన్ని పట్టి కథ చెప్పేవాళ్లు మల్లన్నకు, బీరప్పకు పూజారులు. కురుమ, గొల్ల కులాల ఇళ్లలో వాళ్లు లేకుండా మల్లన్న పండుగ జరగదు. పసుపు, కుంకుమ, పిండి రంగులతో నేల మీద పట్నం వేస్తారు. ఆ పట్నం ముందు మల్లన్న బలిజ మేడలమ్మను, గొల్ల కేతమ్మను చేసుకున్న కథ మొదలవుతుంది. బీరప్ప కామరాతి కథ అయితే రాత్రిళ్లకు రాత్రిళ్లు నడుస్తుంది. ప్రధాన కథకుడు ఒక్కడు చాలడు. డోలు కావాలి, తాళాలు కావాలి, కంజిర కావాలి, వంత పాడే గొంతులు కావాలి. కథకుడు ఒక్క మాట అని ఆగితే డోలు అందుకుంటుంది. డోలు తగ్గితే వంతగాడు 'ఆఁ... తర్వాత?' అన్నట్టు అడ్డు ప్రశ్న వేస్తాడు. కథ అలా పదిమంది చేతుల్లో బంతిలా తిరుగుతుంది.

సత్తయ్య గొప్పతనం ఇక్కడే ఉంది. గుడి ముంగిట, గొల్లవాడలో చెప్పే కథను ఆయన పట్టణపు వేదిక మీదికి తెచ్చాడు. మైకు ముందు, గంటన్నర సమయంలో, కథ తెలియని జనాన్ని కూర్చోబెట్టాలంటే మాటల తూకం తెలియాలి. పాత్రను బట్టి గొంతు మార్చాలి. తలపాగా గుడ్డే ఒకసారి కొంగవుతుంది, ఇంకోసారి బిడ్డవుతుంది. అదంతా ఆయన చేసి చూపించాడు. పురాణకథల మధ్య కుటుంబ నియంత్రణ, చదువు లాంటి సంగతులూ చొప్పించాడు.

ఇంకొకటి కూడా చేశాడు. తన వెనక బృందాలను తయారుచేశాడు. ఒగ్గు డోలు బృందాలు ఇవాళ రాష్ట్రంలో ఎక్కడ సభ జరిగినా ఊరేగింపు ముందు నడుస్తున్నాయి. పచ్చటి బండారు ముఖాలకు పూసుకుని, డోలు మెడకు తగిలించుకుని, ఒకరి భుజాల మీద ఒకరెక్కి వాయించే కుర్రాళ్లను టీవీలో చూడని ఇల్లుండదు. కథ వినే ఓపిక జనానికి తగ్గింది, డోలు చూసే సరదా పెరిగింది. ఇది లాభమో నష్టమో కళాకారుల్లోనే రెండు మాటలున్నాయి. డోలుకైనా బతుకుదెరువు దొరికిందని ఒకరంటే, కథ లేని డోలు ఎందుకని ఇంకొకరంటారు. ఏమైనా సత్తయ్య పోయిన తర్వాత జనగామలో డోలు ఆగలేదు. ఆయన పేరు తలచుకోకుండా కథ ఎత్తుకునే బృందాలూ ఈ వైపు తక్కువే.

వినాలనుకునేవాళ్లు సంక్రాంతి దాటాక రావాలి. కొమురవెల్లి మల్లన్న జాతర సంక్రాంతి నుంచి ఉగాది దాకా ఆదివారాలన్నీ సాగుతుంది. ఒకప్పుడు వరంగల్ జిల్లాలో ఉన్న కొమురవెల్లి ఇప్పుడు సిద్దిపేట జిల్లాలోకి వెళ్లింది కానీ, జనగామ వాళ్లకు అది ఎప్పటికీ ఇంటి గుడే. సంక్రాంతి తర్వాతి మొదటి ఆదివారాన్ని 'పట్నం వారం' అంటారు. ఆ రోజు హైదరాబాద్ జనం పోటెత్తుతారు. గుట్ట కింద ఎక్కడ చూసినా పట్నాలే, ఎక్కడ విన్నా డోళ్లే.

పాలకుర్తి మీదుగా మానుకోటకు

జనగామ నుంచి దక్షిణంగా దిగితే దేవరుప్పుల. చిందు యక్షగానానికి 2024లో పద్మశ్రీ అందుకున్న గడ్డం సమ్మయ్య ఈ మండలంలోని అప్పిరెడ్డిపల్లి వాడు. ఇంకా ముందుకెళ్తే పాలకుర్తి, దాని పక్కనే పోతన పుట్టిన ఊరిగా చెప్పుకునే బమ్మెర. పాలకుర్తి గుట్ట మీద సోమేశ్వరుడున్నాడు, గుట్ట కింద సోమనాథుడి జ్ఞాపకముంది. శ్రీశైలం శివరాత్రికి చేరిన జనం ఏయే పాటలు పాడారో, ఏయే ఆటలు ఆడారో పాల్కురికి సోమనాథుడు 'పండితారాధ్య చరిత్ర'లో పేరుపేరునా చెప్పాడు. తుమ్మెద పదాలు, పర్వత పదాలు, వెన్నెల పదాలు... అలా పోతుంది ఆ పట్టిక. వాటిలో చాలావాటికి ఇప్పుడు పేర్లే మిగిలాయి, వరస తెలిసినవాళ్లు లేరు. ఏడెనిమిది వందల ఏళ్ల కిందటి పాటగాళ్ల లెక్క రాసిపెట్టిన మనిషి పుట్టిన గడ్డ మీద నుంచే మన దారి.

తొర్రూరు దాటి మహబూబాబాద్ చేరుతాం. పాతవాళ్లు ఇప్పటికీ మానుకోట అనే అంటారు. మిర్చి సీజనైతే ఊరి గాలే ఘాటు. పక్కనే కురవి వీరభద్రుడు. ఇవన్నీ చూడదగ్గవే గానీ, ఈ ప్రయాణం అసలు మలుపు ఈశాన్యాన ఉంది. గూడూరు దాటి కొత్తగూడ, గంగారం మండలాల్లోకి వెళ్తే చెట్లు దగ్గరపడతాయి, సెల్‌ఫోన్ సిగ్నల్ దూరమవుతుంది. అక్కడుంది పూనుగొండ్ల, పగిడిద్దరాజు ఊరు.

పగిడిద్దరాజు సమ్మక్క భర్త. రెండేళ్లకోసారి మేడారం జాతర వస్తే ఈ ఊరి కోయ పూజారులు ఆయన్ను పడిగె రూపంలో ఎత్తుకుని అడవి దారిన కాలినడకన బయల్దేరుతారు. వెంట డోళ్లు, కొమ్ము బూరలు. దారిలోని గూడేల్లో నీళ్లారబోసి మొక్కుతారు. కోట్లమంది వెళ్లే జాతరలో బస్సుల వరస, ట్రాఫిక్ జామే మనకు కనిపిస్తాయి. ఆ జాతర అసలు మొదలయ్యేది ఇలాంటి చిన్న ఊళ్లలోంచి, డోలు చప్పుడుతో.

పడిగె అంటే త్రికోణంలో ఉండే గుడ్డ జెండా. దాని మీద బొమ్మలుంటాయి. ఒక్కో గోత్రానికి ఒక్కో పడిగె. ఆ బొమ్మలు ఎవరు పడితే వాళ్లు చదవలేరు. డోలీలని కోయల్లోనే కథ చెప్పే శాఖ ఒకటుంది. వాళ్లు డోలు వాయిస్తూ, పడిగె మీది బొమ్మలను చూస్తూ ఆ వంశం పుట్టుక, పెళ్లిళ్లు, యుద్ధాలు పాడతారు. కోయలకు అదే గ్రంథం, అదే వంశవృక్షం. చదవగలిగినవాడు ఉన్నంతకాలం అది పుస్తకం. లేకపోతే రంగు వెలిసిన గుడ్డ.

ఆ చదువు వచ్చిన చివరి తరం వాళ్లలో సకిని రామచంద్రయ్య ఒకడు. ఆయనది పక్కనున్న భద్రాద్రి కొత్తగూడెం జిల్లా, మణుగూరు మండలం కూనవరం. సమ్మక్క సారలమ్మల కథను, పగిడిద్దరాజు కథను, గరికామరాజు లాంటి ఇలవేల్పుల కథలను కోయ భాషలోనూ తెలుగులోనూ పాడేవాడు. బడి చదువు లేదు, అంతా జ్ఞాపకమే. 2022లో పద్మశ్రీ ఇచ్చారు. అప్పటిదాకా కోయ గూడేలకే తెలిసిన పేరు అన్ని పత్రికల్లో వచ్చింది. రెండేళ్లు గడిచాయి. 2024 ఫిబ్రవరిలో మేడారం జాతర ముగిసింది. అదే ఏడాది జూన్ 23న ఆయన పోయాడు.

ఒగ్గుకథకు బృందాలున్నాయి, డోలీ కథకు మనుషులు లెక్కపెట్టేంత మందే. ఆచార్య జయధీర్ తిరుమలరావు, ఆయన మిత్రబృందం ఆ కథలను రికార్డు చేసి అక్షరాల్లో పెట్టారు కాబట్టి మాటలు దక్కాయి. ఎక్కడ డోలు ఆపాలి, ఏ బొమ్మ దగ్గర గొంతు దించాలి అన్నది కాగితం మీదికి రాదు. అది పక్కన కూర్చుని నేర్చుకోవాల్సిందే. నేర్చుకుంటే పూట గడవదని కుర్రాళ్లకు తెలుసు. వాళ్లను తప్పుపట్టడం తేలిక.

దుగ్గొండి పాట

గంగారం అడవి నుంచి పాకాల చెరువు మీదుగా నర్సంపేట వస్తే, దగ్గర్లోనే దుగ్గొండి. ఇది వరంగల్ జిల్లా. మహబూబాబాద్ నుంచి భూపాలపల్లి వెళ్లేవాళ్లకు దారిలో పడే ఊరు. 2023 మార్చికి ముందు ఈ పేరు బయటివాళ్లకు పెద్దగా తెలియదు. ఆ నెలలో వేణు యెల్దండి తీసిన 'బలగం' సినిమా వచ్చింది. పెద్దమనిషి కొమురయ్య చనిపోతాడు, పిట్ట ముట్టదు, పదకొండో రోజు వస్తుంది. అప్పుడు తంబూర పట్టిన ఒక ముసలాయన, పక్కన ఆయన భార్య వచ్చి చనిపోయిన మనిషి మీద పాట ఎత్తుకుంటారు. మాట్లాడుకోని అన్నదమ్ములు, అలిగిన చెల్లెలు ఆ పాటకు కరిగిపోతారు. వాళ్లు నటులు కాదు. పస్తం మొగిలయ్య, కొమురమ్మ. ఈ ఊరి బుడగ జంగాల దంపతులు.

ఊళ్లలో తెరలు కట్టి, పంచాయతీ ముందు చాపలు పరిచి ఆ సినిమా చూశారు. చూసి ఏడ్చినవాళ్లలో ఏళ్ల తరబడి పలకరింపుల్లేని అన్నదమ్ములూ ఉన్నారనీ, అక్కడికక్కడే కలిసిపోయారనీ అప్పట్లో వార్తలు వచ్చాయి. సినిమాకు అది కొత్త సంగతి, బుడగ జంగాలకు పాతదే. చావు జరిగిన ఇంటికెళ్లి పోయినవాళ్ల మంచిని పాడటం వాళ్ల వృత్తి. పోయిన మనిషి పేరు, పిల్లల పేర్లు, చేసిన మేళ్లు అడిగి తెలుసుకుని, అప్పటికప్పుడు పాటలో కూరుస్తారు. ఇంటివాళ్లు గొంతులో అదిమిపెట్టుకున్న ఏడుపు ఆ పాటతో బయటికొస్తుంది. ఇచ్చిన బియ్యం, నాలుగు డబ్బులు జోలెలో వేసుకుని ఇంకో ఊరికి వెళ్తారు.

ఆ పాట ఒక్కరిది కాదు. తంబూర పట్టినవాడు చరణం ఎత్తితే, పక్కన వాయిద్యం పట్టినవాళ్లు దాన్ని అందుకుని తిప్పి చెప్పాలి. ఒకరు ప్రశ్న, ఒకరు జవాబు. మొగిలయ్య, కొమురమ్మ బతుకంతా ఆ జోడీగానే తిరిగారు. సినిమాతో పేరొచ్చింది. సన్మానాలు, సాయాలు అందాయి. కానీ అప్పటికే కిడ్నీలు పాడైన మొగిలయ్య డయాలసిస్ మీద ఉన్నాడు. 2024 డిసెంబరు 19న వరంగల్‌లో చికిత్స పొందుతూ కన్నుమూశాడు. ఎందరి చావుకో పాడిన మనిషి ఆయన. టీవీలన్నీ ఆ రోజు సినిమాలోని ఆయన పాటనే పెట్టాయి. అలా మొగిలయ్యను సాగనంపిన పాట కూడా ఆయన గొంతులోదే అయ్యింది. అందులో కొమురమ్మ గొంతూ ఉంది.

బొగ్గు ఊరు, నది ఒడ్డు

దుగ్గొండి నుంచి పరకాల మీదుగా వెళ్తే భూపాలపల్లి. సింగరేణి గనులు, చెల్పూరులో థర్మల్ కేంద్రం, రోడ్డు మీద బొగ్గు లారీలు. షిఫ్టు మారే వేళకు సైకిల్ మోటార్ల వరస. 2016 అక్టోబరులో పాత వరంగల్ జిల్లాను విడగొట్టినప్పుడు జనగామ, మహబూబాబాద్‌లతో పాటే ఇదీ జిల్లా అయింది. తెలంగాణ సిద్ధాంతకర్త జయశంకర్ పేరు పెట్టారు. మేడారం మొదట ఈ జిల్లాలోనే ఉండేది. 2019 ఫిబ్రవరిలో ములుగు విడిపోయాక అటు వెళ్లింది. జిల్లాలు మారినా పగిడిద్దరాజు నడిచే దారి మారలేదు.

భూపాలపల్లి నుంచి ఉత్తరానికి సాగితే మహాదేవపూర్, ఆ పైన కాళేశ్వరం. గోదావరి, ప్రాణహిత కలిసే చోటు. కంటికి కనపడని సరస్వతిని మూడో నదిగా చెబుతారు. 2025 మేలో సరస్వతి పుష్కరాలకు లక్షల జనం వచ్చారు. ముక్తేశ్వరుడి గుడిలో ఒకే పానవట్టం మీద రెండు లింగాలు, ఒకటి కాలుడిది, ఒకటి ముక్తేశ్వరుడిది. మామూలు రోజుల్లో ఇక్కడికి వచ్చేవాళ్లలో గుడి కోసం వచ్చేవాళ్లెందరో, మూట కట్టిన కుండతో వచ్చేవాళ్లూ అందరు. జనగామ వైపు వాళ్లు, మానుకోట వాళ్లు, బొగ్గుబాయి వాళ్లు అస్థికలు కలపడానికి ఈ రేవుకే వస్తారు. గుండు చేయించుకున్న కొడుకులు మెట్ల మీద కూర్చుని పిండాలు పెడతారు. ఆడవాళ్లు కాస్త ఎడంగా నిలబడి పోయినవాళ్ల పేరు పిలుస్తూ రాగం తీస్తారు. ఆ రాగానికి తంబూర ఉండదు, డోలు ఉండదు.

ఈ దారంతా చూడాలంటే రెండు రోజులు పెట్టుకోవాలి. జనగామ, మహబూబాబాద్‌లకు రైళ్లున్నాయి. భూపాలపల్లికి హనుమకొండ నుంచి బస్సులు దొరుకుతాయి, అక్కడి నుంచి కాళేశ్వరానికీ వెళ్తాయి. గంగారం వైపు మాత్రం సొంత బండి మేలు, చీకటి పడకముందే తిరిగి రావాలి. సంక్రాంతి నుంచి శివరాత్రి మధ్యలో అయితే దారిలో ఎక్కడో ఒకచోట పట్నం వేసి ఉంటుంది. డోలు వినిపిస్తే బండి ఆపండి. కథ సగంలో ఉన్నా ఫర్వాలేదు, కూర్చునేవాళ్లకు జరిగి చోటిస్తారు.